పెట్టె లోపల ఆకుపచ్చ చుక్క

"జలపాతం ఏదమ్మా? నా జలపాతాన్ని ఏం చేశావు?"

"నేనేం చేయలేదు. ఉన్నచోటే ఉంది."

"అక్కడున్నది జలపాతమా? దువ్వెన! దువ్వెన తెచ్చి కొండకి గుచ్చినట్టుంది. వరసగా పళ్లు తప్ప ఒక్క చుక్క నీరు లేదు."

"పళ్ల సంగతి మీకు బాగా తెలుసు డాక్టరు గారూ. నీళ్ల సంగతి నాకొదిలేయండి."

"వదిలేశాను కాబట్టే ఇలా తగలడింది!"

మేనల్లుడు గుమ్మం అవతలే ఆగిపోయాడు.

అతను ఆ పొద్దున్నే మూడో ఉద్యోగం మానేసి వచ్చాడు. కాలేజీ రెండో ఏడు మధ్యలో వదిలేశాక మొదటిది, పార్సిళ్లు మోసేది, నాలుగు నెలలు చేశాడు. రెండోది, ఫోను చెవికి పెట్టుకుని ఊళ్లోవాళ్ల తిట్లన్నీ వినేది, నెలన్నర. మూడోది ఇవాళ్టితో సరి. ఈ ముక్క నాన్న చెవిన వేయగల మనిషి ఒక్క అత్తే. ఎంతైనా నాన్నకి అక్క. దారి పొడవునా మాటలు కూర్చుకుంటూ వచ్చాడు. తీరా వస్తే లోపల యుద్ధం. ముందు హమ్మయ్య అనుకున్నాడు, తన గొడవ కాసేపు వాయిదా పడిందని. ఇంకో నాలుగు మాటలు వినేసరికి ఒళ్లు మండింది. అవతల అరుస్తున్నది ఎవరి మీద?

అత్త గది అపార్టుమెంటు మెట్ల కింద ఉంది. గది అనడం మర్యాద కోసమే. ఒక పక్క కరెంటు మీటర్లు, ఇంకో పక్క నీళ్ల మోటారు, నెత్తి మీద మెట్లు. లోపలికి వెళ్లేకొద్దీ కప్పు కిందికి దిగుతుంది. ఆ దిగిన చోటే అత్త బల్ల, కూర్చుని పనిచేసే మనిషికి అంత ఎత్తు చాలు గనక. అక్కడికి వచ్చి తల కొట్టుకోని మనిషి లేడు. పైన ఎవరు ఎక్కుతున్నారో, ఎవరు దిగుతున్నారో చెప్పుల చప్పుడుతోనే చెప్పేస్తుంది అత్త. మూడో అంతస్తు పెద్దాయన మోకాలు మళ్లీ పట్టేసిందని ఆయన భార్య కంటే ముందు ఈవిడకే తెలుస్తుంది.

బల్ల మీద సోల్డరింగ్ ఐరన్, లెడ్డు చుట్ట, స్పిరిట్ సీసా, మెడ వంచి చూసే భూతద్దం దీపం. పక్కన రెండు టీవీలు. ఒకటి అప్పడంలా పలచగా ఉండే కొత్తది. ఇంకోటి వీపు వెనక్కి తన్నుకొచ్చిన పాత డబ్బా టీవీ.

ఆవిడ పని చెప్పుకుంటే విచిత్రంగా ఉంటుంది. పాతికేళ్ల కిందటి వీడియో గేమ్ పెట్టెలుంటాయి కదా, పిల్లలు టీవీకి తగిలించుకుని పొద్దస్తమానం ఆడి అమ్మలచేత తిట్లు తిన్నవి, వాటిని ఇప్పుడు అదే పిల్లలు బట్టతలలొచ్చాక బయటికి తీస్తున్నారు. ఇంట్లో ఉన్న గోడంత టీవీకి తగిలిస్తున్నారు. బొమ్మ నీళ్లలో నానిన పేపరులా వస్తోంది. కారణం ఒకటే. లోపల బొమ్మ గీసే చిప్పు ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటినీ విడివిడిగా, శుభ్రంగానే తయారుచేస్తుంది. కానీ టీవీకి వెళ్లే దారి పసుపు పిన్నున్న వైరు ఒక్కటే. మూడు రంగుల్నీ వెలుగునీ కలిపి ఆ ఒక్క వైరులోకి కుక్కి పంపేవాళ్లు. అత్త ఆ కుక్కుడు జరగకముందే, చిప్పు కాళ్ల దగ్గరే, వెంట్రుక మందం తీగలు అతికించి మూడు రంగుల్నీ మూడు దారుల్లో బయటికి తెస్తుంది. మధ్యలో సిగ్నల్‌కి బలం కోసం తపాలా బిళ్లంత బోర్డు, వెనకాల కొత్త సాకెట్టు. అప్పుడు చూడాలి బొమ్మ. అద్దం తుడిచినట్టుంటుంది.

ఈ పని చేయగలవాళ్లు ఆ చుట్టుపక్కల ఇంకెవరూ లేరు. కానీ ఆ సంగతి ఎవరికీ తెలియదు. పెట్టెలన్నీ మెయిన్ రోడ్డు మీది ఒక పెద్ద షోరూం ద్వారా వస్తాయి, దాని ద్వారానే పోతాయి. ఆ షోరూం బోర్డు మీద "మా ఇంజనీర్లు" అని రాసుంటుంది.

"షోరూం వాళ్లు చెప్పకపోతే ఈ గది ఉన్నట్టే నాకు తెలిసేది కాదు," అంటున్నాడు పళ్ల డాక్టరు లోపల. "ఓనరు క్షమాపణ చెప్పాడు. మా వాళ్లు చేయలేదు సార్, మెట్ల కింద ఒకావిడ చేసింది, ఆవిడ్నే అడగండి అన్నాడు."

మేనల్లుడు ఇక ఆగలేదు. విసురుగా లోపలికి వెళ్లి, అలవాటైన మనిషై ఉండి కూడా తల ఠంగున కొట్టుకున్నాడు.

"ఒకావిడ ఏంటండీ ఒకావిడ? ఆవిడకి వయసులేదా, మర్యాద లేదా? చేశావు, తగలేశావు అంటూ—"

"ఏరా, వచ్చావా? ఆ స్టూలు మీద కూర్చో. నోరు మూసుకో," అంది అత్త, అటు తిరక్కుండానే. "డాక్టరు గారూ, ఆ పెట్టె ఇలా ఇవ్వండి."

ముందుగా డబ్బా టీవీ పెట్టింది. పాత పసుపు వైరు తగిలించింది. పచ్చని కొండ, కొండ మీంచి నీళ్లు, నీళ్ల వెనక రాళ్లు మసకగా కదులుతున్నాయి. డాక్టరు మొహం వెలిగిపోయింది. "ఇదీ! ఇదే! మా అక్కా నేనూ దీని దగ్గర ఆట ఆపేసి చూస్తూ కూర్చునేవాళ్లం. మా పాపకి చూపిద్దామనే కదా ఇంత తంటా."

వైరు మార్చి కొత్త టీవీ పెట్టింది. కొండ గడ్డిపోచల్తో సహా కనిపించింది. జలపాతం మాత్రం నిలువు గీతలు. గీత, ఖాళీ, గీత, ఖాళీ. నిజంగానే దువ్వెన.

"చూశావా?" అన్నాడు డాక్టరు.

"చూడ్డానికే ఉన్నాను. ఈ గీతలు నేను గీయలేదండీ. ఆట తయారుచేసినవాడే గీశాడు, మొదట్నుంచీ గీతలే. ఆ పెట్టెకి వెనక వస్తువు కనబడేలా నీళ్లు చూపించడం రాదు. అందుకని వాడు గీత విడిచి గీత గీసి ఊరుకున్నాడు. పసుపు వైరు ఎలాగూ అన్నింటినీ కలిపి అలికేస్తుందని వాడికి తెలుసు. ఆ అలుకుడే మీ నీళ్లు."

డాక్టరు నోరు తెరిచాడు. రోజంతా ఎదుటివాళ్లని నోరు తెరవమనే మనిషికి అది కొత్త. "అంటే చిన్నప్పుడు నేను చూసింది..."

"మురికి. మంచి మురికి."

"మరి అది తెలిసి కూడా నువ్వు—"

"తెలిసే కదా రెండు దారులూ ఉంచాను? పాత దారి నేనెప్పుడూ కొయ్యను. కొత్త వైరులోంచే రెండూ వస్తాయి. వెనకాల గోరంత స్విచ్చుంటుంది. అటు నొక్కితే శుభ్రమైన బొమ్మ, ఇటు నొక్కితే పాత బొమ్మ. జలపాతం వచ్చినప్పుడు ఇటు నొక్కుకోవాలి."

"స్విచ్చా? ఏ స్విచ్చు? వెనకాల స్విచ్చే లేదు."

"లేకపోవడమేంటి? నా చేత్తో పెట్టాను."

అత్త పెట్టె తిప్పింది. బొటనవేలు అలవాటుగా వెళ్లాల్సిన చోటికి వెళ్లి, నున్నటి కాగితం మీద ఆగింది. వెండి రంగు స్టిక్కరు. "మా ఇంజనీర్లచే పరీక్షించబడినది. తొలగించినచో గ్యారంటీ చెల్లదు." వేలితో నొక్కితే మధ్యలో గుంట.

మేనల్లుడు అత్త మొహం చూసి స్టూలు మీంచి లేచాడు. కోపం వచ్చినప్పుడు అరిచే మనిషి కాదు ఆవిడ. ముక్కు కొన తెల్లబడుతుంది. తెల్లబడింది. గోరు పెట్టి స్టిక్కరు మూల లేపి, పుండు మీంచి కట్టు తీసినంత నెమ్మదిగా పెరికింది. కింద స్విచ్చు. టిక్కుమంది. కొత్త టీవీలో దువ్వెన పళ్లన్నీ ఒక్కసారి కరిగి నీళ్లయ్యాయి.

మీటర్లు గుయ్యిమంటున్నాయి.

"ఎన్ని పెట్టెలకి అంటించి ఉంటాడు ఆ ఓనరు?" అన్నాడు మేనల్లుడు.

"నేను చేసినవన్నీ వాడి చేతిమీదుగానే పోయాయి. అన్నింటికీ." అత్త స్టిక్కరుని వేళ్ల మధ్య ఉండ చేస్తోంది. "సగం పని జనానికి చేరనే లేదన్నమాట. రెండేళ్లుగా."

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. మనిషి కొంచెం కుంచించుకుపోయాడు. "ఒక మాట చెప్పాలండీ. పొద్దున్నే కోపంలో... మా పాత ఆటల గ్రూపులో పెట్టేశాను."

"అండీ" అనడం మేనల్లుడు విన్నాడు. ఇంతసేపటికి వచ్చింది!

"ఏం పెట్టారు?" అన్నాడు.

డాక్టరు ఫోను తీసి ఇచ్చాడు. దువ్వెన ఫోటో. కింద, "మెట్ల కింద ఒకావిడ చేసిన నిర్వాకం. ఎవరూ ఈమె చేతికి పెట్టెలు ఇవ్వకండి." దాని కింద గది గుర్తులు కూడా. మూడు వందల మంది ఉన్న గ్రూపు అది. పాత పెట్టెలున్నవాళ్లంతా అందులోనే ఉంటారు. అంతకంటే కింద షోరూం ఓనరు జవాబు: "ఈ పని మా ఇంజనీర్లది కాదు. బయటి వ్యక్తిది. ఇకపై ఆమెకు పని ఇవ్వము. చింతిస్తున్నాము."

మేనల్లుడు పైకి చదివాడు. వేలితో పాత మెసేజీలు పైకి జరిపాడు. రెండేళ్లలో ఆ గ్రూపులో పొగడ్తలు లెక్కలేనన్ని వచ్చాయి. ప్రతిదాని కిందా అదే ఓనరు "మా ఇంజనీర్ల కృషి" అని దండం బొమ్మ పెట్టాడు. ఒక్క తిట్టు వచ్చింది. అప్పుడు మాత్రం అత్త ఉన్నట్టు ఠక్కున గుర్తొచ్చింది.

"ఇప్పుడే తీసేస్తాను," అన్నాడు డాక్టరు.

"తీసేస్తే? చూసినవాళ్ల కళ్లలోంచి కూడా తీస్తారా?" అంది అత్త.

లోపల ఇంకేమన్నా కెలికారేమోనని మరలు విప్పి పెట్టె మూత తీసింది. డాక్టరు ఏదో ఒకటి చేయాలన్నట్టు, మూత తీసున్న పెట్టెని భూతద్దం కిందికి లాక్కుని చూశాడు. ఎంతైనా ఇరుకు చోట సన్న పని చేసే మనిషి. చూసేకొద్దీ మెడ ముందుకి వంగింది. "ఈ తీగలు... ఒక్కదానికీ లెడ్డు బొట్టు పొంగలేదే. నా దగ్గర పనిచేసే కుర్ర డాక్టర్లకి ఇది చూపించాలి." ఆగి, "ఈ మూల ఆకుపచ్చ చుక్క ఏమిటి?"

"నేనే. ఫ్యాక్టరీ అలవాటు," అంది అత్త.

అత్త పందొమ్మిదేళ్లు టీవీ ఫ్యాక్టరీలో చేసింది. రంగులు సరిచూసే బల్ల ఆవిడది. ఎదురుగా అద్దం, అద్దంలో టీవీ మొహం, చేతులు టీవీ వెనక. అద్దంలో చూస్తూ వెనక మరలు తిప్పి మూడు రంగుల్నీ ఒక్క చోటికి తేవాలి. రోజుకి అరవై టీవీలు. ఒక్కొక్కరికి ఒక్కో రంగు సిరా ఇచ్చేవాళ్లు, సరిచూసిన సెట్టు లోపల చుక్క పెట్టడానికి. అత్తది ఆకుపచ్చ. ఆ రోజుల్లో ఆ చుక్క అంటే ఆవిడకి ఎంత గొప్పో! బంధువుల ఇళ్లకి వెళ్తే టీవీ వెనక్కి తొంగి చూసేదట, తనదేనేమోనని. చాలా ఏళ్లకి తెలిసొచ్చింది, ఆ చుక్క దేనికో. సెట్టు పాడై తిరిగొస్తే ఎవర్ని నిలబెట్టి తిట్టాలో తెలియడానికి. బాగా ఆడుతున్న టీవీని మూత విప్పి ఎవరు చేశారో చూసినవాడు ఎవడుంటాడు? డబ్బా టీవీల కాలం అయిపోయి ఫ్యాక్టరీ మూసేసిన రోజు, చేతిలో మిగిలింది ఆ సిరా సీసా. ఇప్పటికీ అదే చుక్క పెడుతోంది, పెట్టె లోపల, ఎవరికీ కనబడని మూల.

"పందొమ్మిదేళ్లు అక్కడ అదే కథ. ఇక్కడా అదేనా?" అత్త లేచింది. ఐరన్ స్విచ్చు కట్టేసింది. పని మధ్యలో ఐరన్ కట్టేయడం మేనల్లుడు ఎన్నడూ చూడలేదు. పెట్టెకి మూత బిగించి చంకలో పెట్టుకుంది. "పదండి."

"ఎక్కడికి?"

"ఇంజనీరు గార్ని చూడ్డానికి."

షోరూం అంతా అద్దాలు, చల్లగాలి, ఎక్కడ నిలబడ్డా మన మొహమే. గోడ మీద నిలువెత్తు ఫోటో, తెల్లకోటు వేసుకున్న యువకుడు చిరునవ్వుతో సోల్డరింగ్ చేస్తున్నాడు. "మా ఇంజనీర్లు, మీ జ్ఞాపకాలు" అని కింద అక్షరాలు. ఓనరు కౌంటరు వెనక ఎవరికో హెడ్‌ఫోన్లు చూపిస్తున్నాడు. అత్తని చూడగానే అతని మొహాన నవ్వు సగంలో ఆగిపోయింది.

"అక్కా! నువ్వొచ్చావేంటి? కబురు పెడితే మనిషిని పంపేవాణ్ణి కదా."

"ఇంజనీరు గారితో పనుంది. పిలువు."

"ఏ ఇంజనీరు?"

"ఆ గోడ మీదాయన. పాపం, ముందు చేతికేమన్నా మందు రాయించు. ఐరన్‌ని కాలేచోట పట్టుకున్నాడు."

అందరూ ఫోటో వైపు చూశారు. నిజమే. తెల్లకోటు యువకుడు మూడు వందల డిగ్రీల మీద కాలే కొనని పెన్ను పట్టుకున్నట్టు హాయిగా పట్టుకుని నవ్వుతున్నాడు. హెడ్‌ఫోన్ల మనిషి కిసుక్కున నవ్వాడు. రెండేళ్లుగా ఆ ఫోటో కింద నిలబడి లావాదేవీలు నడిపిన ఓనరు దాన్ని మొదటిసారి చూశాడేమో, చెవులు ఎర్రబడ్డాయి.

"అక్కా, బిజినెస్ అన్నాక కొన్ని ఉంటాయి. మెట్ల కింద చేశారంటే ఎవరు నమ్ముతారు చెప్పు? అందులో ఆడమనిషి చేసిందంటే..."

"అంటే?" మేనల్లుడు కౌంటరు మీద చెయ్యేసి ముందుకి వంగాడు. "అంటే ఏంటి? పూర్తిగా చెప్పండి. మంచి పని అయితే మీ ఇంజనీరు, చెడ్డ పని అయితే ఆడమనిషి. అంతేనా? ఆవిడ పెట్టిన స్విచ్చు మీద మీ గ్యారంటీ కాగితం అంటించి, నీళ్లు రాలేదని ఆవిడ మీదికి జనాన్ని తోలతారా? సిగ్గుందా మీకు?"

"నువ్వేం చదువుకున్నావు బాబూ, నాకు గ్యారంటీ గురించి చెప్పడానికి?"

మేనల్లుడు కౌంటరు మీంచి చెయ్యి తీశాడు. ఆ ప్రశ్న ఎక్కడికెళ్లినా అతని కంటే ముందే వెళ్లి కూర్చుంటుంది.

"వాడు చదవలేదు," అంది అత్త. "నేనూ చదవలేదు. చదివినాయన గోడ మీదున్నాడుగా, ఆయన్నే చెప్పమను." అని, కౌంటరు పక్కన అలమరలో వరసగా పెట్టిన ఐదు పెట్టెల దగ్గరికి వెళ్లింది. మొన్న తను చేసి పంపినవే. మొదటిదాన్ని తిప్పి, స్టిక్కరు మూల గోటితో లేపింది.

"అక్కా, అది తీస్తే గ్యారంటీ పోతుంది!"

"ఎవరి గ్యారంటీ? ఈ చెయ్యి నీదా?" జర్రున పెరికింది. రెండోది. మూడోది. ప్రతిదానికీ స్విచ్చు బయటపడుతుంటే, అక్కడున్న నలుగురికీ వినబడేలా డాక్టరే చెప్పడం మొదలుపెట్టాడు. ఇటు నొక్కితే ఇది, అటు నొక్కితే అది, ఇన్నాళ్లూ దాచేశారు, నేనూ తెలియక ఈవిడ్నే తిట్టాను. చెబుతూ చెబుతూ ఆవేశం వచ్చి, నోరు పెద్దది చేశాడు. ఆ పని పొద్దున్నే ఇక్కడ చేసుంటే ఎంత బాగుండేదని మేనల్లుడు అనుకున్నాడు.

"పోలీసుల్ని పిలుస్తాను," అన్నాడు ఓనరు.

"పిలువు. వాళ్లకీ స్విచ్చు చూపిస్తాను."

పిలవలేదు. ఐదో స్టిక్కరు కూడా ఊడాక, "ఇక నీకు ఇక్కణ్ణుంచి ఒక్క పెట్టె రాదు," అన్నాడు, ఆ ఒక్క మాటతో ఆవిడ కాళ్లు తడబడతాయన్నట్టు.

అత్త ఐదు స్టిక్కర్లూ ఉండచుట్టి కౌంటరు మీద పెట్టింది. "రాదని గ్రూపులో ముందే రాశావుగా తమ్ముడూ. మళ్లీ చెప్పడమెందుకు?"

తిరిగొచ్చేటప్పుడు డాక్టరు ఫుట్‌పాత్ మీదే నిలబడి ఫోనులో రాశాడు. పొద్దున్న తను చేసింది తప్పని, స్టిక్కరు పెరికితే స్విచ్చుందని, పని చూస్తే కళ్లు చెదిరాయని. మధ్యలో ఆగి, "పేరు ఏమని రాయమంటారు?" అన్నాడు.

"మెట్ల కింద ఒకావిడ అని మీరేగా రాశారు," అంది అత్త. "ఇప్పుడూ అదే రాయండి. అదే మనిషని తెలియాలి."

ఆయన తలొంచుకుని అదే రాశాడు.

గదికి చేరేసరికి మధ్యాహ్నమైంది. అత్త ఐరన్ స్విచ్చు వేసింది. అది వేడెక్కేదాకా బల్లని స్పిరిట్‌తో తుడుస్తూ కూర్చుంది. మేనల్లుడికి ఇంకా కుదురు లేదు. కూర్చుంటాడు, లేస్తాడు, తల కొట్టుకుంటాడు.

"ఆ ఫోటో కూడా పీకేయాల్సిందత్తా."

"దాన్ని ఉండనీ. దాన్ని చూస్తే పని తెలిసినవాళ్లు వాడి దగ్గరికి పోరు." స్పిరిట్ సీసా మూత బిగించింది. "ఉద్యోగం మానేశావు కదూ?"

"నీకెవరు చెప్పారు?"

"గుమ్మం అవతల ఆగావు. మానేసిన ప్రతిసారీ అక్కడే ఆగుతావు. మిగతా రోజుల్లో తిన్నగా వచ్చి తల కొట్టుకుంటావు."

అతనికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ దిగమింగాడు.

"మీ నాన్నతో నేను మాట్లాడతాలే. ముందు నాదొక పని చెయ్యి." అత్త సొరుగు లాగి తెల్లకాగితం, పెన్ను తీసి అతని ముందు పెట్టింది. "తప్పు నాదీ ఉంది. స్విచ్చు పెట్టాను గానీ ఉందని ఒక్కరికీ చెప్పలేదు. పని చూస్తే వాళ్లకే తెలుస్తుందిలే అనుకున్నాను. ఎలా తెలుస్తుంది? లోపల చుక్క పెట్టి పెట్టి అలాగే అలవాటైపోయింది. ఇకమీదట ప్రతి పెట్టెతోనూ ఒక కాగితం వెళ్లాలి. నాకు రాయడం చేతకాదు. నువ్వు రాయి."

"ఏం రాయను?"

"స్విచ్చు ఎక్కడుందో, దేనికుందో. గీతలు ఎవరు గీశారో, నీళ్లెలా వస్తాయో. పదేళ్ల పిల్లకి కూడా అర్థమవాలి. పరీక్షించబడినది, తొలగించినచో, అలాంటి మాటలు ఒక్కటి కనబడిందా, చింపేస్తాను. చివర్లో ఎవరు చేశారో రాయి. నా పేరు రాయి, ఈ గది గుర్తులు రాయి. తిట్టడానికైనా మెచ్చుకోవడానికైనా తిన్నగా ఇక్కడికే రావాలి."

మేనల్లుడు పెన్ను మూత తీశాడు. అత్త భూతద్దం దీపం వేసి, సాయంత్రం వచ్చి తీసుకెళ్తానని డాక్టరు వదిలి వెళ్లిన పెట్టె మీదికి వంగింది, మిగిలిన స్టిక్కరు జిగురు తుడవడానికి. పైన ఎవరో మెట్లు దిగుతున్నారు. తల ఎత్తకుండానే అంది:

"ఒక్క పేజీయేరా. దీన్ని మాత్రం మధ్యలో వదిలెయ్యకు."